బ్యాకప్ ఎర్రర్ వస్తే లినక్స్ పార్టిషన్ డిలీట్ చేయకండి: అందరూ పంపుకుంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ మెసేజ్ నాకే నాలుగైదు సార్లు వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్‌లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పనిచేయదు. ఎర్రర్ వస్తే లినక్స్ పార్టిషన్ డిలీట్ చేయండి. విండోస్‌లో తీసిన ఇమేజ్ ఒక్కటి ఉంటే మొత్తం డిస్క్‌కి చాలు. సక్సెస్ అని వస్తే ఇక టెన్షన్ లేదు. లినక్స్‌లో విండోస్ డ్రైవ్ తెరుచుకోకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ నడపండి. రిస్టోర్ చేశాక బూట్ అవకపోతే ఆ బ్యాకప్ పాడైనట్టే, ఫార్మాట్ చేసుకోండి." (పార్టిషన్ అంటే డిస్క్‌లో విడదీసిన ఒక భాగం, ఇమేజ్ అంటే డిస్క్‌ని లేదా పార్టిషన్‌ని ఉన్నదున్నట్టు తీసిన నకలు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అంటే విండోస్ డ్రైవ్‌ల ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కొన్ని లోపాలు సరిచేసే లినక్స్ టూల్.) ఇది నమ్మి డేటా పోగొట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది, అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తున్నాను.

మొదటి మాట, రెండు ఓఎస్‌లుంటే బ్యాకప్ పనిచేయదని. తప్పు. విండోస్‌లో నడిచే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు చాలా వరకు వీఎస్‌ఎస్ అనే షాడో కాపీ సర్వీస్ మీద ఆధారపడతాయి. వాడుకలో ఉన్న ఫైళ్ళను కూడా ఒక క్షణం దగ్గర ఆపి చూపించేది అదే. మనకు కనిపించే ఎర్రర్లలో చాలా భాగం అక్కడే పుడతాయి, ఒక్క విండోస్ మాత్రమే ఉన్న మెషిన్‌లో కూడా ఇవే వస్తాయి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో "వీఎస్‌ఎస్‌అడ్మిన్ లిస్ట్ రైటర్స్" (vssadmin list writers) కొడితే ఏ రైటర్, అంటే షాడో కాపీకి తమ ఫైళ్ళను సిద్ధం చేసే భాగాల్లో ఏది, ఫెయిల్ అయిందో పేరుతో సహా చూపిస్తుంది, చాలాసార్లు ఒక్క రీస్టార్ట్‌తో అది సర్దుకుంటుంది. ఇంకో కారణం జాగా. విండోస్ సిస్టమ్ ఇమేజ్ తీసేటప్పుడు 500 ఎంబీ కంటే చిన్న పార్టిషన్‌లో కనీసం 50 ఎంబీ, అంతకంటే పెద్దదాంట్లో కనీసం 320 ఎంబీ ఖాళీ ఉండాలి. రికవరీ పార్టిషన్ (మరమ్మతు కోసం విండోస్ పెట్టుకునే చిన్న భాగం) నిండిపోతే సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా "జాగా చాలదు" అనే ఎర్రరే వస్తుంది. ఇప్పుడు చెప్పండి, లినక్స్ పార్టిషన్ డిలీట్ చేస్తే ఆ రికవరీ పార్టిషన్‌లోకి జాగా ఎలా వస్తుంది? రాదు. లినక్స్ పోతుంది, ఎర్రర్ మాత్రం అక్కడే ఉంటుంది.

విండోస్ ఇమేజ్ ఒక్కటి చాలన్న మాట ఇంకా ప్రమాదం. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌ని విండోస్ తనంతట తాను చదవలేదు. విండోస్‌తో వచ్చే సిస్టమ్ ఇమేజ్ అయితే విండోస్ నడవడానికి కావలసిన పార్టిషన్లనే తీసుకుంటుంది. బయటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని లినక్స్ పార్టిషన్‌ని అసలు ఎంచుకోవు. కొన్ని లోపల ఏముందో అర్థం కాక సెక్టార్ సెక్టారూ కాపీ చేస్తాయి, అప్పుడు 200 జీబీ పార్టిషన్‌లో 20 జీబీ డేటా ఉన్నా మొత్తం 200 జీబీ చదువుతుంది, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నిండి మధ్యలో ఆగిపోతుంది. మనమేమో సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటాం.

సరే, లినక్స్ వైపు టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అనుకునేవాళ్ళకు ఒక్క మాట. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్ళ కోసం చేసిన టూల్, మీ హోమ్ ఫోల్డర్‌ని డిఫాల్ట్‌గా వదిలేస్తుంది. అంటే విండోస్ ఇమేజ్‌లో లినక్స్ లేదు, టైమ్‌షిఫ్ట్‌లో హోమ్ లేదు, లినక్స్‌లోని మీ డాక్యుమెంట్లు రెండింటిలోనూ లేవు. రెండు బ్యాకప్‌లు ఉన్నాయని ధైర్యంగా ఉన్న మనిషికి ఇది తెలిసేది డిస్క్ పోయిన రోజున. రెండు ఓఎస్‌లూ ఒకేసారి ఇమేజ్‌లోకి రావాలంటే యూఎస్‌బీ నుంచి క్లోన్‌జిల్లా లాంటి డిస్క్ కాపీ టూల్ బూట్ చేసి తీయాలి, అప్పుడు రెండూ నిద్రలో ఉంటాయి, ఈఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లు మూడింటిలోనూ వాడిన బ్లాకులే కాపీ అవుతాయి. డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం ఆ పార్టిషన్ మొత్తం కాపీ అవుతుంది, ఆ లెక్కతో డ్రైవ్ చూసుకోండి.

సక్సెస్ అని వస్తే భయం లేదట. ఈ మాట నమ్మి నేనే దెబ్బతిన్నాను. రెండు ఓఎస్‌లకూ ఉమ్మడిగా ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ పెట్టుకుని, పగలు లినక్స్‌లో పని చేసి రాత్రి విండోస్‌లోకి వెళ్ళి ఇంక్రిమెంటల్ బ్యాకప్ (క్రితంసారి తర్వాత మారినవే తీసేది) నడిపేవాణ్ణి. రోజూ పచ్చ టిక్కే. ఒకరోజు పాత ఫైల్ ఒకటి రిస్టోర్ చేస్తే మూడు వారాల క్రితం రాసింది వచ్చింది. కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది: ఆ సాఫ్ట్‌వేర్ "ఫాస్ట్" మోడ్‌లో ప్రతి ఫైలూ చూడదు, విండోస్ రాసుకునే యూఎస్‌ఎన్ జర్నల్ అనే మార్పుల చిట్టా చూసి అందులో ఉన్నవే తీసుకుంటుంది. లినక్స్ నుంచి నేను మార్చినవి ఆ చిట్టాకు ఎక్కనే లేదు. విండోస్ దృష్టిలో ఆ ఫైళ్ళు మారలేదు, కాబట్టి అది చెప్పిన సక్సెస్ దాని వరకు నిజమే. ఉమ్మడి డ్రైవ్ ఉన్నవాళ్ళు ఆ ఫాస్ట్ మోడ్ ఆపేయండి, మధ్యమధ్యలో ఫుల్ బ్యాకప్ తీయండి, నెలకోసారైనా లినక్స్‌లో మార్చిన ఒక ఫైల్‌ని వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. షెడ్యూల్ సంగతి కూడా అంతే. రాత్రి పదింటికి పెట్టిన విండోస్ టాస్క్ ఆ టైమ్‌కి మీరు లినక్స్‌లో ఉంటే నడవదు. తప్పిపోయిన టాస్క్‌ని తర్వాత వీలైనంత త్వరగా నడిపే ఆప్షన్ టాస్క్ షెడ్యూలర్‌లో ఉంది, అది టిక్ చేయాలి. లినక్స్ వైపు టాస్క్‌లను టైమ్‌కి నడిపే సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్ అనే ఆప్షన్ అదే పని చేస్తుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ సలహా చూస్తే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఉంది, దానివల్ల షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ స్థితిని డిస్క్ మీద దాచుకుని సగం నిద్రలోకి వెళ్తుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్ మీద రాస్తే డేటా చెడుతుంది కాబట్టే లినక్స్ దాన్ని రీడ్ ఓన్లీగా మాత్రమే తెరుస్తుంది లేదా అసలు తెరవదు, ఆ డ్రైవ్ మీదకు వెళ్ళాల్సిన మీ బ్యాకప్ ఆగిపోతుంది. అది మనల్ని కాపాడడానికి వేసిన తలుపు, దాన్ని బద్దలుకొట్టమంటే ఎలా? ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ విండోస్‌లో డిస్క్ లోపాలు సరిచేసే చెక్‌డిస్క్‌కి బదులు కాదని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంది. చేయాల్సింది చాలా చిన్న పని. విండోస్‌లోకి వెళ్ళి పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి, షట్ డౌన్ చేసి, అప్పుడు లినక్స్‌లోకి రండి. అప్పటికీ తెరుచుకోకపోతే మళ్ళీ విండోస్‌లోకే వెళ్ళి చెక్‌డిస్క్ నడపండి.

చివరిది, బూట్ అవకపోతే బ్యాకప్ పాడైనట్టే అన్నది. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) కంప్యూటర్లలో ఏ ఓఎస్ ఎక్కడుందో చెప్పే బూట్ ఎంట్రీలు మదర్‌బోర్డ్ మెమరీలో ఉంటాయి, డిస్క్‌లో కాదు. డిస్క్ ఇమేజ్‌లోకి అవి రావు. కొత్త మెషిన్‌లోకి రిస్టోర్ చేస్తే డేటా అంతా ఉన్నా మెనూలో లినక్స్ కనిపించకపోవచ్చు. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా యూఎస్‌బీ నుంచే నడిచే లినక్స్) బూట్ అయి efibootmgr అనే టూల్‌తో ఎంట్రీ చేర్చితే లేచి కూర్చుంటుంది. పార్టిషన్ కొత్తగా ఫార్మాట్ చేసి అందులోకి ఫైళ్ళు కాపీ చేసి ఉంటే దాని గుర్తింపు నంబరైన యూయూఐడీ మారిపోతుంది, డ్రైవ్‌ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లోనూ బూట్ మెనూ చూపే గ్రబ్‌లోనూ పాతదే ఉండి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది, ఆ నంబర్లు సరిచేస్తే చాలు. విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగితే అది కూడా చెడిపోయినట్టు కాదు, బూట్ పద్ధతి మారిందని గమనించి అడుగుతోంది. ఆ కీ ఇదే కంప్యూటర్‌లో కాకుండా ఇంకో చోట రాసి పెట్టుకోండి.

ఇప్పటికే ఆ మెసేజ్ చూసి లినక్స్ పార్టిషన్ డిలీట్ చేసినవాళ్ళుంటే, ఆ ఖాళీలో కొత్త పార్టిషన్ చేయకండి, ఫార్మాట్ చేయకండి, సి డ్రైవ్‌ని అందులోకి పెంచకండి. డిలీట్ చేసినప్పుడు పోయేది పార్టిషన్ పట్టికలోని నమోదు. ట్రిమ్ (ఎస్‌ఎస్‌డీలో ఖాళీ జాగాను తుడిచేసేది) లేదా ఆప్టిమైజ్ ఏదీ నడపకుండా లైవ్ యూఎస్‌బీ నుంచి టెస్ట్‌డిస్క్ అనే రికవరీ టూల్ నడిపితే పాత పార్టిషన్‌ని వెతికి చూపించే అవకాశం ఉంది, ఎస్‌ఎస్‌డీలో మాత్రం దొరకకపోవచ్చు. లోపలి ఫైళ్ళు కనిపిస్తే ముందు వాటిని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే పట్టిక రాయండి.