మా పెళ్ళి ఆల్బమ్‌కు, ముంబై ప్రయాణానికి ముందు రాత్రి

ఆల్బమ్ గారికి,

ఉభయకుశలోపరి. నువ్వు బీరువా మీద క్షేమం, నేను బీరువా పక్కన మంచం మీద క్షేమం. నా భార్య డల్లాస్‌లో క్షేమమని రాత్రి తొమ్మిదింటి వీడియో కాల్‌లో తెలిసింది.

గురువారం నాకు అమెరికా వీసా ఇంటర్వ్యూ. నిన్ను తీసుకెళ్ళడం లేదు. ఈ మాట ముఖాన చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

నువ్వేమీ అల్లాటప్పా ఆల్బమ్‌వి కావని నాకు తెలుసు. పెట్టెతో కలిపి పచారీ కొట్టు కాటాలో తూచితే ఆరు కిలోలకు రెండు వందల గ్రాములు తక్కువ. 2024 మాఘమాసంలో పెళ్ళయితే నువ్వు శ్రావణంలో ఇంటికొచ్చావు. అప్పటికి పెళ్ళికూతురు విమానమెక్కి అయిదు నెలలు. నిన్ను మొదటిసారి తెరిచింది నేనూ, మా అమ్మా, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడూ.

తర్వాత నీతో పని పడింది. అమెరికా పౌరురాలి భర్తనైనా, మా పెళ్ళి నిజమైనదేనని నేను రుజువు చేసుకోవాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉందా, ఇద్దరి పేరా అద్దె ఒప్పందం ఉందా, కలిసి ఉన్న ఫోటోలేవి అని అడుగుతారు. అంటే ఒకే కప్పు కింద కాపురం ఉన్నట్టు కాగితాలు చూపిస్తే, అప్పుడు ఒకే కప్పు కిందికి రానిస్తారు. ఉమ్మడి ఖాతా లేదు, అద్దె ఇల్లు లేదు. మిగిలింది నువ్వే.

ఎంతో ఆశతో తెరిచాను. రెండు వందల నలభై ఫోటోల్లో మేమిద్దరమే ఉన్నవి పదకొండు. తక్కినవాటిలో మా ముందు ఎవరో ఒకరు నిలబడ్డారు. మాజీ సర్పంచి గారికి ఒక పేజీ మొత్తం ఇచ్చావు. మా పెద్దమ్మ తొమ్మిది చోట్ల ఉంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఆ పెళ్ళి ఆవిడదే అనుకుంటారు.

ఆ పదకొండులో మూడింటిని ఫోటోగ్రాఫర్ కంప్యూటర్‌లో స్విట్జర్లాండ్ తీసుకెళ్ళాడు. కిందేమో అరటిబోదెల పందిరి, వెనకేమో మంచుకొండలు. ఇంకోదానిలో చందమామ మీద కూర్చున్నాం, కాళ్ళు వేలాడుతున్నాయి. వీటిని రుజువుగా పెడితే పాస్‌పోర్టులో ఆ దేశం ముద్ర ఏదీ అని అడగరా? చంద్రుడి సంగతి సరే, దానికి వీసా అక్కర్లేదు.

మాలాంటివాళ్ళకు ఏటా ఇన్నేనన్న కోటా లేదు, వరుస లేదు అంటుంది చట్టం. వరుసే లేని చోట రెండేళ్ళుగా నిలబడి ఉన్నాను. లాంఛనాలు మాత్రం ఏ లోటూ లేకుండా జరిగాయి. ఇతను నా భర్త, రానివ్వండి అని మా ఆవిడ ఐ-130 పిటిషన్‌ను ఆన్‌లైన్‌లో వేసినందుకు 625 డాలర్లు. అది ఆమోదం పొంది న్యూహాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు చేరాక 325. హామీపత్రం చూసిపెట్టినందుకు మరో 120, దీన్ని నేను ఆడపడుచు కట్నం కింద రాసుకున్నాను. గ్రీన్‌కార్డు చేతికి రావాలంటే ఇంకో 235 అప్పగింతల నాటికి సిద్ధంగా ఉండాలట.

ఆ హామీపత్రం సంగతి నీకు చెప్పాలి. నీ ముప్పై రెండో పేజీలో నేను 'ధర్మేచ, అర్థేచ' అంటూ పంతులుగారు పలికించినవన్నీ పలికాను గుర్తుందా? అందులో 'అర్థేచ' ఇప్పుడు చేతులు మారింది. అమెరికా పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకుండా సంపాదించి నన్ను పోషిస్తానని ఐ-864 అనే ఆ హామీపత్రం మీద మా ఆవిడ సంతకం పెట్టింది. రేపు విడాకులైనా ఆ మాట చెల్లుబాటులోనే ఉంటుందట, నేను పౌరుణ్ణయ్యే వరకో, నా పని నలభై త్రైమాసికాలు లెక్కకొచ్చే వరకో. మూడు ముళ్ళు నేను వేశాను, నాలుగోది అసలు ముడి, తను వేసింది.

డీఎస్-260 అనే వీసా దరఖాస్తులో ఇంకో ప్రశ్న: బహుభార్యాత్వం పాటించే ఉద్దేశంతో వస్తున్నారా? ఉన్న ఒక్క భార్య దగ్గరికి చేరడానికి పదహారేళ్ళ వయసు నుంచి నేనున్న ప్రతి ఇంటి చిరునామా రాసి, హాస్టల్ గది సహా, పోలీసు క్లియరెన్స్ తెచ్చి, ఛాతీకి ఎక్స్‌రే తీయించుకుని, పెద్దయ్యాక పిల్లల టీకాలు వేయించుకున్నవాణ్ణి. రెండోదాని కోసం ఇదంతా మళ్ళీ చేసేంత ఓపిక ఎవడికుంది? 'లేదు' అని నొక్కాను.

ఈ ఆలస్యానికి ఒక ఫలం దక్కింది, అది ఒప్పుకోవాలి. దొంగ పెళ్ళిళ్ళను పట్టుకోవడానికి 1986లో వాళ్ళు ఒక చట్టం చేశారు. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే వెళ్ళి దిగితే రెండేళ్ళ షరతుల కార్డే ఇస్తారు, ఆ తర్వాత ఇంకా కలిసే ఉన్నామని మళ్ళీ నిరూపించుకోవాలి. మా దస్త్రం నడిచిన నడకకు ఆ రెండేళ్ళూ విజయవాడలోనే నిండిపోయాయి. ఆమె అక్కడ, నేనిక్కడ గడిపినందుకు మా కాపురం గట్టిదని తేలి, నేరుగా పదేళ్ళ కార్డుకు అర్హుణ్ణయ్యాను.

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ దగ్గర 2023లో అంత పెద్ద కాన్సులేట్ భవనం తెరిచారు. చదువుకు వెళ్ళేవాళ్ళూ, మనవణ్ణి ఎత్తుకోవడానికి వెళ్ళే అమ్మమ్మలూ అక్కడికి వెళ్తారు. పెళ్ళాం దగ్గరికి వెళ్ళేవాడు మాత్రం ముంబై బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ దాకా పోవాలి. తెల్లవారితే కోణార్క్ ఎక్స్‌ప్రెస్. అక్కడ పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. ఆరు కిలోల నిన్ను చంకన పెట్టుకుని వెళ్తే గుమ్మం దగ్గరే ఆగిపోతాం. కాబట్టి స్విట్జర్లాండ్‌కూ చంద్రుడి మీదికీ వెళ్ళనివి ఏడు ఫోటోలు కాపీలు తీయించి కవరులో పెట్టాను.

కవరు అంటించబోతూ ఒకసారి చూశాను. ఏడోది అరుంధతీ దర్శనం. మధ్యాహ్నం ఒంటిగంట, పైన ఎర్రరంగు షామియానా. నా వేలు షామియానా వైపు, తన చూపు నా వేలి వైపు. 'కనిపించిందా?' అని పంతులుగారు అడిగితే ఇద్దరం ఒక్క గొంతుతో 'కనిపించింది' అన్నాం.

గురువారం నా చేత కుడిచెయ్యి ఎత్తించి, అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. అందుకే ఆ ఒక్కటీ కవరులోంచి తీసి నీ పేజీల మధ్యే దాచిపెట్టాను. ఆరు చాలు.

ఇట్లు,
నీ నూట పన్నెండో ఫోటోలో మాజీ సర్పంచి గారి భుజం వెనక సగం కనిపించే పెళ్ళికొడుకు