ఆదివారం ఆరాధన కాన్‌స్టంటైన్‌తో మొదలవ్వలేదు

సబ్బాతును, అంటే శనివారం పాటించే విశ్రాంతి దినాన్ని, ఆదివారానికి మార్చింది రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైనేనని మీ వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. ఆయన 321లో ఇచ్చిన ఆజ్ఞ ఆదివారం పట్టణాల్లో న్యాయస్థానాలు, పనిశాలలు మూసేయమంది. సేద్యం చేసుకునేవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అంతకు 160 ఏళ్లకు పైగా ముందే రోమ్‌లో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత, క్రైస్తవులు ఆదివారం ఒకచోట కూడి, లేఖనాలు చదువుకుని, రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారని రాశాడు. యేసు తిరిగి లేచిన రోజు కాబట్టి అని కారణమూ చెప్పాడు.

అలాగని శనివారం పాటించేవాళ్లను “ఇంకా (మోషే) ధర్మశాస్త్రం కిందే ఉన్నారు” అని వ్యాసం తీసిపారేయడం నాకు చాలా బాధ కలిగించింది. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం శని, ఆదివారాలు రెండింటినీ పాటిస్తుంది. మా వీధిలో శనివారాన్ని సబ్బాతుగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవ కుటుంబం శుక్రవారం పొద్దుగూకేలోపే వంట, బట్టల ఇస్త్రీ ముగించి, కొట్టు షట్టర్ దించేస్తుంది. శనివారం బేరం పోతుందని తెలిసీ! అదే రోజు పరీక్ష పడితే పిల్లలకు ఎంత టెన్షనో. ఆదివారం మందిరం నుంచి రాగానే మామూలు పనుల్లో పడిపోయే మనమా వాళ్లను తప్పుపట్టేది? బైబిల్లోని రోమా పత్రిక 14వ అధ్యాయంలో, దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దనే కదా పౌలు చెప్పింది.

దయచేసి ఆ 321 సంగతి వ్యాసంలో సరిచేయండి.