సముద్రం పక్కనున్నా గాలి శుభ్రం కాదు
మహానగరాల్లో గాలి కాలుష్యం ఊపిరితిత్తులతో ఆగదని, గుండెపోటు, పక్షవాతం ముప్పును కూడా పెంచుతుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో సరిగ్గానే రాశారు గానీ, సముద్రపు గాలి ఉందిలే అని ధీమాగా ఉండే మా విశాఖవాసులకు ఇంకొంత చెప్పాలి. కొండల నడుమ ఉన్న ఊరు కావడంతో చలికాలపు రాత్రుల్లో పొగ, ధూళి పైకి పోలేక నేలను అంటిపెట్టుకునే ఉంటాయి. పాతనగరంలో పొద్దున ఊడ్చిన డాబా మీద సాయంత్రం నడిస్తే అరికాళ్లకు నల్లటి పొడి అంటుతుంది (ఆరేసిన తెల్లబట్టల సంగతి సరేసరి). అయితే కంటికి కనబడే ఆ పొడి కంటే, ఊపిరితిత్తుల లోతుల్లోకి చొరబడే 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) లోపు సూక్ష్మధూళి ఎక్కువ ప్రమాదకరం. దానికి మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5. కాబట్టి ‘పరిమితికి లోబడే ఉంది’ అన్న మాట ఉబ్బసం పిల్లల తల్లిదండ్రులకు ఏ భరోసా ఇవ్వదు.