మైకు మనదాకా వస్తేగా!

మొన్న ఆదివారం నెల్లూరులో ‘చర్చల పండగ’ అంటే నిద్ర మానుకుని మరీ పోయా. పదింటికన్నారు, దీపం వెలిగించేసరికి పన్నెండు. ఆ తర్వాత శాలువాలు. వేదిక మీద పద్నాలుగు మంది, ఒక్కొక్కరికీ శాలువా, దండ, ఫొటో. ఈ ఎండల్లో శాలువా ఏంది సామీ!

పెన్నాలో ఇసుక తవ్వకాల గురించి ఒక ప్రశ్న రాసుకొని పోయా. లేచి నిలబడ్డానో లేదో, “టైం లేదు, భోజనాలు చల్లారిపోతాయి” అని మైకు లాగేసుకున్నారు.

ఇదే జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో కూర్చొని మాట్లాడుకున్న మాటలు సారా వేలంపాటల్నే ఆపించాయి. మరుసటేడాది రాష్ట్రమంతా సారా బంద్. వాళ్లకు మైకెవరిచ్చారు?

పులిహోర మాత్రం బాగుంది, అబద్ధం చెప్పకూడదు. చీటీ ఇంకా జేబులోనే ఉంది.