23 డిగ్రీల పరీక్ష, నెల్లూరు ఎండలో పరుపు

నెల్లూరు, ఒంగోలు ట్రంకు రోడ్ల వెంట ఏ దుకాణంలో ఫోమ్ పరుపు కొన్నా, ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ కవరు విప్పగానే ఘాటు వాసన గుప్పుమంటుంది. "రెండు రోజులు గాలికి పెట్టండి సార్, అదే పోతుంది" అని దుకాణదారు చెప్పే మాట చాలావరకు నిజమే. అయితే వాసన పోవడమూ, రసాయనాలు వెలువడడం ఆగిపోవడమూ ఒకటి కావు. పైగా ఈ సరుకు సురక్షితమని తేల్చే పరీక్షలు మన ఎండలను లెక్కలోకి తీసుకున్నవి కావు. నా అభ్యంతరం ప్రధానంగా ఈ రెండో విషయం మీదే.

పరుపుల్లో, సోఫాల్లో, దిండ్లలో ఉండే మెత్తటి ఫోమ్ పాలీయురేథేన్. పాలియాల్, టోలీన్ డై ఐసోసయనేట్ (టీడీఐ), కొద్దిగా నీరు కలిపినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుట్టి, మిశ్రమం పులిసిన ఇడ్లీ పిండిలా పొంగి గట్టిపడుతుంది. టీడీఐ ఫ్యాక్టరీ కార్మికులకు ఉబ్బసం తెచ్చిపెట్టగల పదార్థం. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2బి వర్గంలో, అంటే మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. కానీ సరిగ్గా తయారై గట్టిపడిన ఫోమ్‌లో అది దాదాపు మిగలదు కాబట్టి, పరుపు మీద పడుకుంటే టీడీఐ పీలుస్తున్నామన్న భయం అనవసరం. ఇంట్లో మనం పీల్చేవి వేరు: తయారీలో వాడిన ఎమైన్‌లు, ద్రావకాల అవశేషాలు, పొరలను అతికించిన జిగురు ఆవిర్లు, కొన్ని సరుకుల్లో ఫార్మాల్డిహైడ్. వీటివల్ల కళ్లు మండడం, గొంతు గరగరలాడడం, తలనొప్పి రావడం, అప్పటికే ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవడం జరగవచ్చు.

ఆవిర్లు వెలువడే వేగం వేడితో పాటు పెరుగుతుంది. వాటిని కొలిచే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 16000-9 పద్ధతిలో పరీక్ష గదిని 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ వద్ద ఉంచుతారు. రోహిణి కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం, రేకుల కప్పు కింద, బాలింత పక్కన బిడ్డ పడుకున్న పరుపుకూ ఆ 23 డిగ్రీలకూ ఏమిటి సంబంధం? అమెరికాలో ఫోమ్ నాణ్యతకు ఇచ్చే సర్టిపూర్ ముద్ర పొందాలంటే ఆవిరయ్యే రసాయనాలు 0.5 పీపీఎం (పది లక్షల భాగాల్లో అర భాగం) లోపు ఉండాలి. ఆ ముద్ర ఉన్న పరుపు లేనిదానికన్నా మేలే, కానీ ఆ అంకె మన పడకగదికి ఇచ్చిన హామీ కాదు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కొత్తగా కొన్న 16 పిల్లల పరుపులను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితాలు దీన్నే బలపరుస్తున్నాయి: పిల్లల ఒంటి వేడినీ బరువునూ అనుకరించి చూసినప్పుడు థాలేట్ల (ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి) వంటి రసాయనాల విడుదల బాగా పెరిగింది.

ఏసీ ఉంది కదా అనుకునేవారికి ఒక మాట. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు; ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. చల్లదనం వల్ల ఆవిర్లు తగ్గినా, వెలువడినవి తెల్లవార్లూ ఆ మూసిన గదిలోనే ఉండిపోతాయి.

చవక పరుపును కోసి చూస్తే రంగురంగుల తునకలు కనిపిస్తాయి. పాత ఫోమ్‌నూ కత్తిరింపులనూ ముక్కలు చేసి, జిగురుతో అదిమి చేసే దీన్నే రీబాండెడ్ అంటారు. వృథాను తగ్గించే పనే అయినా, ఆ ముక్కలు ఎక్కడివో కొనేవారికి చెప్పేవారు లేరు. మంటలంటకుండా ఒకప్పుడు ఫోమ్‌లో విరివిగా కలిపిన పెంటా బీడీఈ అనే రసాయనాన్ని, ఏళ్ల తరబడి నశించని విషాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో నిషేధ జాబితాలో చేర్చింది, మన కేంద్ర ప్రభుత్వం 2018 నిబంధనలతో నిషేధించింది. అదే ఒప్పందం, ఆ రసాయనమున్న పాత ఫోమ్ రీసైక్లింగ్‌కు మాత్రం 2030 వరకు మినహాయింపు ఇచ్చింది. వద్దని ఒప్పుకున్న పదార్థం కొత్త గలీబులో తిరిగి రావడానికి దారి వదిలిపెట్టడం నాకు అర్థం కాని విషయం. ఈ రసాయనం ఆవిరిగా కన్నా దుమ్ములో చేరి, నేల మీద పాకుతూ వేళ్లు నోట్లో పెట్టుకునే పసివాళ్లకే ఎక్కువగా అందుతుంది.

థర్మాకోల్ కూడా ఫోమే అయినా దాని సంగతి వేరు. దాని ముడిసరుకైన స్టైరీన్ ఎంత ప్రమాదకరమో 2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి అది లీకై 12 మంది చనిపోయినప్పుడు చూశాం. గట్టిపడిన థర్మాకోల్‌లో మిగిలేది అతి స్వల్పం. దానిలో వేడి వేడి చేపల పులుసు పోయకపోవడం, తీరంలో విరిగిన ఐసు పెట్టెలను కుప్పపోసి తగలబెట్టకపోవడం ముఖ్యం. నిష్పత్తి మరవకుండా చెప్పాలంటే, పడకగదిలో రోజూ వెలిగించే దోమల కాయిల్ పొగ చాలా ఇళ్లలో పరుపు కన్నా పెద్ద బెడద.

ఫోమ్‌ను మానేయమనడం తేలికే కానీ, ఇవాళ బూరుగు దూది పరుపు కొనగలిగేవారెందరు? అడగవలసింది లేబుల్: ఏ ఫోమ్, కొత్తదా రీబాండెడా, మంట నిరోధకం కలిపారా, 23 డిగ్రీలతో పాటు 40 డిగ్రీల వద్ద ఎంత వెలువడింది. ఆ రోజు వచ్చేలోగా, కొత్త పరుపును కవరు తీసి, పసిపిల్లలను పడుకోబెట్టే ముందు కనీసం వారం రోజులు వరండాలో నీడన, గాలి ఆడేచోట నిలబెట్టాలి. దూది పరుపులా మిద్దె మీద ఎండలో ఆరవేయకూడదు. ఎండకు పాలీయురేథేన్ పసుపు రంగుకు తిరిగి, పొడిపొడిగా రాలి, ఆ పొడే మళ్లీ ఇంట్లో దుమ్మవుతుంది.