కడుపులో పురుగు క్యాన్సర్‌కి మందా?

నులిపురుగుల నివారణ దినం ఫిబ్రవరి 10 దగ్గర పడేసరికి మా కోవూరు చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. "కడుపులో పురుగులుంటే క్యాన్సర్‌తో పోరాడటం ఒంటికి అలవాటవుతుందని శాస్త్రవేత్తలు తేల్చారు. పిల్లలకి బిళ్లలు వేయించొద్దు. మన తాతలకి పురుగులుండేవి, క్యాన్సర్ ఉండేది కాదు." పంపింది మా బాబాయే. బాబాయ్, కోప్పడకుండా చదువు.

మొదటి మాటలో కాస్త నిజముంది. మన తెల్లకణాల్లో కొన్ని, ఒకసారి ఏదో క్రిమి తగిలాక, తర్వాత వేరేది ఎదురైనా చురుగ్గా పనిచేస్తాయి. దీనికి 2011లో 'ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ', అంటే శిక్షణ పొందిన రోగనిరోధక శక్తి, అని పేరు పెట్టారు. పుట్టిన బిడ్డకి వేసే క్షయ టీకా బీసీజీనే మూత్రాశయ క్యాన్సర్‌కీ వాడతారు. గడ్డ తీసేశాక ట్యూబుతో లోపలికి ఎక్కిస్తారు, వారానికోసారి, ఆరు వారాలు. కెనడా డాక్టర్ మొరాలెస్ 1976లో చూపించిన దారి అది. కానీ బీసీజీ బ్యాక్టీరియా, పురుగు కాదు. పరాన్నజీవులతోనూ ప్రయోగాలు జరిగాయి. 2013లో అమెరికాలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని, ఒంట్లో పెరగకుండా జన్యువు మార్చి, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డల్లోకి ఎక్కిస్తే గడ్డలు తగ్గాయి. ఆ గడ్డలు ఎలుకలవి. మెసేజ్ రాసినాయన ఎలుకల్నీ మింగేశాడు, జన్యువు మార్చిన సంగతీ మింగేశాడు.

అసలు బతికున్న పరాన్నజీవులు కొన్ని క్యాన్సర్‌ని తెచ్చిపెడతాయి. థాయ్‌లాండ్ ఈశాన్యంలో పచ్చి చేపలతో ఒంట్లోకి పోయే కాలేయపు పురుగు పిత్తనాళ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. మన పులుసులో చేప కుతకుతా ఉడుకుతుంది కాబట్టి సరిపోయింది.

ఇక బిళ్ల సంగతి. నాట్లప్పుడు చెప్పులు గట్టుమీద వదిలి మడిలో దిగే పిల్లల అరికాళ్లలోంచే కొంకిపురుగు పిల్లలు దూరతాయి. పేగుకి కరుచుకుని రక్తం తాగుతాయి. మా ఎదురింటి పాప కింది రెప్ప లాగి చూశాను, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ పిల్లకి ఏ శిక్షణా అందలేదు, రక్తం మాత్రం పోయింది. అంగన్‌వాడీలో ఇచ్చేది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకి సగం. నమిలించాలి, లేకపోతే అరచేతిలో ఉమ్మేస్తారు.

తాతల మాటంటావా? స్వాతంత్ర్యం నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. క్యాన్సర్ ఎక్కువగా ముసలితనంలో వచ్చేది. వచ్చినా పేరు పెట్టిందెవరు? మన అవ్వ పోయినప్పుడు ఊరంతా 'కడుపులో గడ్డ లేచి పోయింది' అన్నారు. మంచం పక్కన కూర్చున్నది నువ్వే కదా బాబాయ్.