కంటికి భేది ఉప్పు

బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రం 16 కిలోమీటర్లు. ఆటో ఎక్కి కూర్చుంటే కబుర్లు పూర్తి కాకుండానే వచ్చేస్తుంది. అయినా మా బావ తన హాల్లో సొంతంగా ఒక సముద్రం పెట్టుకున్నాడు. సంచుల కొద్దీ సముద్రపు ఉప్పు కొని, లీటరుకి 35 గ్రాముల లెక్కన కలిపి, ఉప్పదనం కొలిచే హైడ్రోమీటరు ముంచి, ముల్లు 1.025 దగ్గర ఆగిందా లేదా అని కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి మరీ చూస్తాడు. అక్క వండిన పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం పెళ్ళైన నాటి నుంచీ ఆయనకి తెలియలేదు.

ఆ సముద్రంలో క్లౌన్ చేపల జంట ఒకటి ఉంది. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. ఈ జాతిలో పుట్టినప్పుడు అన్నీ మగవే. వాటిలో పెద్దది ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటుంది. అది పోతే దాని మొగుడే ఆడదై ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఈ సంగతి విన్నాకే మా అక్కకి ఆ తొట్టి మీద గౌరవం కలిగింది. సరిగ్గా ఆ చేప ఇల్లాలికే కన్ను వాచింది.

కార్తీక మాసం మొదట్లో. కుడి కన్ను బఠాణీ గింజలా పైకి పొడుచుకొచ్చింది. చుట్టూ పల్చటి తెల్ల పొర, నల్లగుడ్డు ఎక్కడో లోపల. చేపకి రెప్పలుండవు కాబట్టి వాచిన కన్ను మూసుకుని పడుకునే సుఖం కూడా లేదు. దీన్ని పాప్ ఐ అంటారని బావ నాకు ఫోన్‌లో చెప్పాడు. గొంతులో ఎంత టెన్షన్ అంటే, వాళ్ళ నాన్నగారికి బైపాస్ అన్నప్పుడు కూడా అంత లేదు.

"ఒక కన్నే వాస్తే ఏ రాయికో గుద్దుకున్నట్టు. రెండూ వాస్తే నీళ్ళ తప్పయినా అయ్యుండాలి, లోపల బాక్టీరియా అయినా ఉండాలి. మనది ఒక్క కన్నే," అన్నాడు. నీళ్ళకి అమోనియా పరీక్ష చేస్తే సున్నా వచ్చింది, అంటే నీళ్ళ తప్పు కాదు. చేయాల్సింది ఏమంత లేదు. చేపని వేరే తొట్టిలోకి మార్చి, అదే ఉప్పదనం ఉన్న శుభ్రమైన నీళ్ళు పోసి, నలభై లీటర్లకి ఒక పెద్ద చెంచా ఎప్సం సాల్ట్ కలిపి, దాని మానాన దాన్ని వదిలేయడమే. యాంటీబయాటిక్ జోలికి వెళ్ళాల్సి వచ్చినా పెద్ద తొట్టిలో పోయకూడదు. ఫిల్టర్లో అమోనియాని తిని బతికే మంచి బాక్టీరియా కూడా దాంతో చస్తుంది.

దాని మానాన దాన్ని వదిలేయడం అనేది మా వాళ్ళ ఇంట్లో ఎవరికీ చేతకాదు. అత్తయ్యగారు ముందు దిష్టి తీశారు. "అంత అందంగా ఉంటే తగలదేటి?" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. తరవాత నందివర్ధనం పువ్వు తెచ్చి, "కంటి మీద పెడితే చలవ చేస్తది, ఎలాగ పెట్టాలో నువ్వే చూసుకోరా," అని కొడుకు చేతిలో పెట్టారు. పక్కింటి ఒడియా మాస్టారు రోజూ సాయంత్రం పరామర్శకి వచ్చేవారు. కార్తీకమంతా ఆయన చేప ముట్టరు. వాళ్ళ కార్తీకం పౌర్ణమితో అయిపోతుంది. ఆ మర్నాడు ఛాడఖాయి, నెల్లాళ్ళ ఉపవాసానికి వడ్డీతో సహా తీర్చుకునే రోజు. అందుకని ఆ పరామర్శలో ఎంత జాలి ఉందో, ఎంత ఆకలి ఉందో తేల్చడం కష్టం.

మందుల షాపులో ఇంకో గొడవ. ఎప్సం సాల్ట్ అంటే మన పెద్దవాళ్ళ భేది ఉప్పే. పేగుల్లోకి నీరు లాగి కడుపు కడిగేస్తుంది. చేపల వాళ్ళు కంటి వెనక చేరిన నీరు తగ్గడానికి వాడతారు. షాపతనికి ఇదంతా తెలియదు కదా. "కేతే బయస?" అని వయసు అడిగాడు.

"మూడేళ్ళు," అన్నాడు బావ.

"బరువు?"

"ఓ పదిహేను గ్రాములు ఉంటుందేమో."

షాపతను పొట్లం కట్టడం ఆపేశాడు.

"మోషన్ ఎన్నాళ్ళ నుంచి లేదు?"

"మోషన్ బాగానే ఉందండీ, కన్ను వాచింది."

అతను ఇంకేం అడగలేదు. పొట్లం ఇచ్చాడు గానీ, చిల్లర ఇస్తున్నంతసేపూ బావ కళ్ళలోకే చూస్తున్నాడట.

చేపల ఆస్పత్రి పెరటి స్నానాలగదిలో పెట్టారు. కొత్త ప్లాస్టిక్ టబ్బు, అందులోకి గాలి గొట్టం, గోడకి "చేప ఉంది, ముట్టుకోవద్దు" అని అక్క రాసిన కాగితం. గాలి బుడగలు రాత్రంతా గుడగుడమంటూనే ఉండేవి కాబట్టి ఎవరూ పొరపాటు పడలేదు, కరెంటు పోయే వరకూ.

తెల్లవారుజామున కరెంటు పోయింది. బుడగలు ఆగిపోయాయి. కార్తీక స్నానానికి లేచిన మావయ్యగారు చీకట్లో, కళ్ళజోడు లేకుండా, చేతికందిన టబ్బులో చెంబు ముంచారు. "గంగే చ యమునే చైవ" అని మొదలుపెట్టి, "నర్మదే సింధు" దగ్గరికి వచ్చేసరికి సింధువే నెత్తి మీద పడింది. ఉప్పు కళ్ళలోకి దిగింది. ఆ వెనకే ఏదో చల్లగా, జారుడుగా మెడ మీంచి వీపు మీదికి పాకి, నడుముకి చుట్టుకున్న తుండుగుడ్డ మడతలో పడి తపతపా కొట్టుకుంది. మిగిలిన కావేరిని ఆయన ఇంకే శ్లోకంలోనూ లేని విధంగా చదివారు.

మొదట పరిగెత్తుకొచ్చింది బావే. ఫోన్ టార్చి తండ్రి ముఖం మీద కాకుండా నడుము మీద వేశాడు. రెండు చేతులూ దోసిలి పట్టి, తుండుగుడ్డలోంచి చేపని తీసి టబ్బులో వదిలాడు. అది రెండు చుట్లు తిరిగి, కుదురుగా నిలబడింది. అప్పుడు గానీ వెనక్కి తిరగలేదు.

"నాన్నా, మంట ఒక కంట్లోనా, రెండు కళ్ళలోనా?"

"రెండూ మండిపోతున్నాయిరా!"

"అయితే నీళ్ళ తప్పే," అన్నాడు బావ, అలవాటు కొద్దీ.

దీని మీద మావయ్యగారు అన్న మాటలు కార్తీక మాసంలో రాయదగ్గవి కావు. అత్తయ్యగారు మాత్రం సంతోషించారు. చేప కన్నుకి ఎలా పెట్టాలో తెలియక గిన్నెలో పెట్టి ఉంచిన నందివర్ధనం పువ్వులన్నీ ఎట్టకేలకి రెప్పలున్న కళ్ళ మీదికి చేరాయి. ఆయన మధ్యాహ్నం వరకూ పువ్వులతో పడుకున్నారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలోనే, "ఎలా ఉంది కన్ను?" అని అడిగి, ఆయన జవాబు చెప్పబోయేలోగా పెరట్లోకి వెళ్ళిపోయారు.

పౌర్ణమి నాటికి చేప కన్ను లోపలికి దిగింది. చూపు పోలేదు, మేత వేస్తే రెండు వైపుల నుంచీ పట్టుకుంటోంది. తిరిగి పెద్ద తొట్టిలో వేయగానే మొగుణ్ణి ఒక మూలకి తరిమింది. ఛాడఖాయి నాడు ఒడియా మాస్టారు వచ్చి, అది కోలుకున్నందుకు మనస్ఫూర్తిగా అభినందించి, కొంచెం నిరాశగా వెళ్ళారు.

బావకి మాత్రం ఇప్పుడు పెద్ద బజారు వెళ్ళాలంటే చుట్టుదారే గతి. మందుల షాపు ముందు నుంచి వెళ్తే అతను కౌంటరు వదిలి బయటికొచ్చి, నలుగురూ వినేలా, ఎంతో ఆప్యాయంగా, "ఆజ్ఞా, ఝాడా హెలా?" అని అడుగుతున్నాడు. విరేచనం అయిందని చెప్పే దాకా వదిలేలా లేడు.